పల్లె సేవలో మనసు ఎండిపోతున్న పాస్టరుగారికి

వందనాలు బ్రదర్.

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెప్తాను, పొరపాటుంటే దిద్దండి. 11 ఏళ్లుగా ఒకే ఊళ్లో సేవ. సుమారు 60 కుటుంబాల సంఘం. ఆదివారం ఆరాధన, మంగళవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యవ్వనస్థుల కూడిక, మధ్యలో ఇంటి ప్రార్థనలు. ఈమధ్య భూస్థాపన దగ్గర నిలబడ్డా మీకు కన్నీళ్లు రావడం లేదు. ఫోన్ మోగితే కడుపులో తిప్పుతోంది. ఆదివారం మధ్యాహ్నం పిల్లల మీద అరుస్తున్నారని అమ్మగారు (మీ శ్రీమతి) అన్నారు. బైబిలు తెరిస్తే ప్రసంగానికి పాయింట్లు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. "ఇది విశ్వాసం తగ్గడమా? సేవ మానెయ్యాలా?" అని అడిగారు.

మీరు రాసినవాటిలో విశ్వాసం తగ్గిందనడానికి గుర్తు నాకొక్కటీ కనబడలేదు. చాలాకాలంగా తీరని అలసటకు గుర్తులు మాత్రం వరసగా ఉన్నాయి. ఇక సేవ మానడం గురించి, ఇప్పుడు తీర్మానం చెయ్యొద్దు. ఆదివారం రాత్రి, సోమవారం పొద్దున, క్రిస్మస్ హడావిడి అయిన వెంటనే వచ్చే వారం, సంఘ పెద్దలతో మాట తేడా వచ్చిన వారం: ఈ సమయాల్లో రాజీనామా గురించీ, ఊరు మారడం గురించీ ఎవరికీ మాటివ్వకండి. నిద్ర, తిండి, సెలవు మూడు నెలలపాటు సరిచేసుకుని అప్పుడు ఇదే ప్రశ్న మళ్లీ వేసుకోండి. అప్పుడు వచ్చే జవాబును నమ్మవచ్చు.

ఏలీయా ప్రవక్త సంగతి మీరు ఎన్నోసార్లు ప్రసంగించి ఉంటారు. కర్మెలు కొండ మీద అంత జయం చూసినవాడు యెజెబెలు రాణి పంపిన ఒక్క కబురుతో బదరీ చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవదూత ఆయన్ని గద్దించలేదు. పడుకోనిచ్చాడు, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. "ఇక్కడ నీకేం పని" అన్న ప్రశ్న 40 రోజులు నడిచి హోరేబు కొండ చేరాక వచ్చింది. మన దగ్గర ఈ వరస తిరగబడింది. అలసిపోయిన సేవకుణ్ని ముందు ప్రశ్నిస్తాం, తర్వాత ఇంకో మూడు రోజులు ఉపవాసం ఉండమంటాం.

ముందు మీకున్నది ఏమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే మూడు వేర్వేరు స్థితులు పైకి ఒకేలా కనిపిస్తాయి. ఒకటి ఒట్టి అలసట. నాలుగైదు రాత్రులు ఏడేసి గంటలు నిద్రపోతే తేలికైపోతుంది. రెండోది బర్నౌట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో ఇది ఉంది, కానీ జబ్బుగా కాదు, పనికి సంబంధించిన స్థితిగా. దానికి చెప్పిన లక్షణాలు మూడు: శక్తి హరించుకుపోవడం, చేసే పని మీద విసుగో దూరమో పెరగడం, నేను చేసేదానివల్ల ఏమీ జరగడం లేదన్న భావం. దీని గుర్తు ఏమిటంటే, బాధ పనికే అంటుకుని ఉంటుంది. చెల్లెలి ఇంటికి వెళ్తే నవ్వగలుగుతారు, పిల్లాడితో క్రికెట్ చూడగలుగుతారు; ఊరి పొలిమేర దగ్గరకు రాగానే గుండె బరువెక్కుతుంది. మూడోది డిప్రెషన్. అది ఊరు దాటినా మీ వెంటే వస్తుంది. ఏదీ రుచించదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టదు. ఆకలి మారుతుంది. పాత పాపాలు, ఎప్పుడో క్షమించబడినవి కూడా, లేచి వచ్చి మీద కూర్చుంటాయి. "నేను లేకపోతేనే వీళ్లకు మేలు" అనిపిస్తుంది. ఇవి రోజులో ఎక్కువ భాగం, రెండు వారాలకు మించి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మీరు రాసింది చదివితే రెండోదానిలా ఉంది, కానీ నిద్ర గురించి మీరేమీ రాయలేదు, కాబట్టి మూడోదాన్ని కొట్టిపారెయ్యలేను.

దీనికి ముందే శరీరాన్ని ఒకసారి చూపించుకోండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, షుగర్ మొదలైనా, బి12 పడిపోయినా నీరసం, చిరాకు, మతిమరుపు, ప్రార్థనలో ధ్యాస నిలవకపోవడం అన్నీ వస్తాయి. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, బి12, బీపీ. ఒక్క పొద్దున పని. ఇది చేయించకుండా ఆరు నెలలు "ఆత్మీయ పోరాటం" చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అది నాకు బాధ కలిగించే విషయం.

ఇప్పుడు అసలు విషయం. పల్లె సేవకుణ్ని నలిపేది పని గంటల కంటే ఎక్కువగా మొహం మార్చుకోవలసి రావడం. పొద్దున తొమ్మిదికి పొలంలో కరెంటు షాక్ కొట్టి పోయిన కుర్రాడి భూస్థాపన. పన్నెండున్నరకి ఇంకో వీధిలో పాపకు మొదటి పుట్టినరోజు, కేకు మీద ప్రార్థన, నవ్వుతూ ఫొటో. సాయంత్రం తాగొచ్చి కొట్టే మొగుడి పంచాయితీ. రాత్రి ఏడున్నరకి ఇంటి కూడిక, అందులో సంతోషం మీద వాక్యం. ఒక్కోదానికి వేరే మనసు కావాలి, ఒకదాని నుంచి ఇంకోదానికి మారడానికి మీకు మధ్యలో బండి మీద పది నిమిషాలు మాత్రమే దొరుకుతాయి. పొద్దుటి ఏడుపును మింగి మధ్యాహ్నం నవ్వాలి. ఇలా కొన్నేళ్లు మింగితే మనసు తనను తాను కాపాడుకోవడానికి మొద్దుబారుతుంది. సమాధి దగ్గర కన్నీళ్లు రాకపోవడానికి కారణం ఇదే. మీ హృదయం రాయి అయిపోలేదు బ్రదర్, దానికి ఏడవడానికి ఇంతవరకూ టైం దొరకలేదు.

దీనికి చెయ్యగలిగింది చాలా మామూలు పని. భూస్థాపన నుంచి రాగానే మన ఇళ్లల్లో ఎలాగూ స్నానం చేస్తాం. ఆ స్నానం తర్వాత 20 నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోండి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని అందులో తారీఖు, పోయినవాళ్ల పేరులో మొదటి అక్షరం, మీకు కలిగింది ఒక్క వాక్యం రాయండి. "భయమేసింది", "ఆ తల్లి వైపు చూడలేకపోయాను", "కోపం వచ్చింది, దేవుడి మీద". ఏది నిజమైతే అది. సంఘంవాళ్ల రహస్యాలు మాత్రం అందులో రాయకండి, నోట్‌బుక్ ఎవరి చేతిలోనైనా పడొచ్చు. తర్వాత ఆ కుటుంబాన్ని పేరు పెట్టి దేవునికి అప్పగించి పుస్తకం మూసెయ్యండి. ఏం ప్రార్థించాలో తోచకపోతే 42వ కీర్తనో, 88వ కీర్తనో పైకి చదవండి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా లేదు. అయినా అది లేఖనాల్లో ఉంది. పుట్టినరోజు ప్రార్థనకు అరగంట ఆలస్యంగా వెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు, మనవాళ్ల ఫంక్షన్లు ఎలాగూ చెప్పిన టైముకి మొదలవ్వవు.

బరువైన పనులకు రోజుకు ఒక లెక్క పెట్టుకోండి. భూస్థాపన, కుటుంబ తగవు, చావుబతుకుల్లో ఉన్న రోగి, ఆత్మహత్య మాట ఎత్తినవాళ్లు: వీటిలో ఒక రోజుకు రెండు. మూడోది వస్తే ప్రాణం మీదికి వచ్చినది కాకపోతే మర్నాటికి. రెండు వారాలపాటు ఒక పట్టీ రాయండి: ఎన్ని గంటలకు బయటికి వెళ్లారు, ఏ పని, ఎంతసేపు, వచ్చాక ఎలా ఉంది. ఇది చూస్తే మీకే కొన్ని తేలతాయి. చాలామంది పట్టీల్లో సగం టైం ఆసుపత్రులు, తహసీల్దారు ఆఫీసు, పోలీస్ స్టేషన్, పింఛను కాగితాల దగ్గర పోతూ ఉంటుంది. సంఘంలో డిగ్రీ చదివిన కుర్రాళ్లు ఇద్దరు ఆ కాగితాల పని మీకంటే బాగా చేస్తారు. అప్పగించండి.

అప్పగించడం అనగానే మనకు తప్పు చేసినట్టు ఉంటుంది. యిత్రో తన అల్లుడు మోషేతో అన్నది ఇదే: నువ్వు చేసే పద్ధతి మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు. జనం కూడా నలిగిపోతారన్న మాట మనం పట్టించుకోం. మన తెలుగు నేల మీదే ఇంకో ఉదాహరణ ఉంది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంత పనినీ ఇద్దరేసి బోధకులు నీళ్లలో నిలబడి చేశారు. వాళ్లు అలసిపోతే ఒడ్డుకు వచ్చేవారు, ఇంకో ఇద్దరు దిగేవారు. ఒడ్డుకొచ్చి కూర్చున్నవాళ్లను ఎవరూ చల్లారిపోయారని అనలేదు.

ఫోన్ సంగతి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత మీ ఫోన్ సంఘానికి మూసి ఉండాలి, కానీ సంఘానికి తలుపు మూసినట్టు ఉండకూడదు. దారి ఏమిటంటే ముగ్గురు పెద్దలు వారానికి ఒకరు చొప్పున రాత్రి ఫోన్లు తీసుకోవడం. చావు, యాక్సిడెంటు, ఆసుపత్రి, ఇంట్లో కొట్లాట, ప్రాణం తీసుకుంటానన్న మాట: వీటికి పెద్ద మిమ్మల్ని లేపుతారు. పిల్లాడికి పీడకల, రేపటి ఇంటర్వ్యూ, అత్తాకోడళ్ల మాటలు: పెద్ద ఫోన్లోనే ప్రార్థన చేస్తారు, మీకు పొద్దున చెప్తారు. ఈ ఏర్పాటును ముందు పెద్దల కూటమిలో ఒప్పించి, తర్వాత మూడు ఆదివారాలు వరసగా ప్రకటించండి. విసుగుతో పుల్పిట్ (ప్రసంగ వేదిక) మీద నుంచి ప్రకటిస్తే అది దెబ్బలా తగులుతుంది. మొదటి నెల జనం పరీక్షిస్తారు, మీ నంబరుకే చేస్తారు. ఇక్కడే చాలా ఏర్పాట్లు కూలతాయి: సేవకుడే మూడో రింగుకు ఎత్తేస్తాడు. ఎత్తిన ఒక్కసారితో "ఏం కాదులే, అయ్యగారు ఎత్తుతారు" అని ఊరంతా తెలుస్తుంది. ఫోన్ ఆ గంటల్లో వేరే గదిలో ఉంటే మేలు. సంఘం వాట్సాప్ గ్రూపు రోజుకు రెండుసార్లు చూస్తే చాలు.

సోమవారం సెలవు అని అందరూ చెప్తారు. పల్లెలో అది ఎందుకు నిలవదంటే, మీ ఇల్లు మందిరానికి ఆనుకుని ఉంటుంది. తలుపు తీసి ఉంటే అయ్యగారు ఉన్నట్టే. పైగా బ్యాంకు, కరెంటు బిల్లు, ఆదివారం లెక్కలు, పెళ్లి పిలుపులు అన్నీ సోమవారం మీదే పడతాయి. కాబట్టి రోజు పేరు కాకుండా 24 గంటలు పట్టుకోండి: ఆదివారం సాయంత్రం ఆరు నుంచి సోమవారం సాయంత్రం ఆరు వరకు. సోమవారం పొద్దున బస్సెక్కి ఊరు దాటండి. అత్తగారి ఊరో, పక్క పట్నంలో పార్కో, కాలవ గట్టో. డబ్బు ఖర్చు కానక్కర్లేదు, మిమ్మల్ని "అయ్యగారూ" అని పిలిచేవాళ్లు లేని చోటు అయితే చాలు. అంత కుదరకపోతే మొదటి నాలుగు వారాలు మధ్యాహ్నం వరకే మొదలుపెట్టండి. బ్యాంకు పని బుధవారానికి మార్చండి.

ఏడాదిలో నాలుగైదు నెలల్లో ఐదో ఆదివారం వస్తుంది. ఆ ఆదివారాలు పక్క ఊరి సేవకుడితో పుల్పిట్ మార్చుకోండి. మీ పాత ప్రసంగం అక్కడ కొత్తదే, ఆయనది ఇక్కడ కొత్తదే. ఇద్దరికీ ఆ వారం తయారీ బరువు తప్పుతుంది. ప్రయాణం ఖర్చు సంఘం పెట్టుకునేలా పెద్దలతో ముందే మాట్లాడాలి.

మనకు ఏడాదిలో రెండు పెద్ద దిగుళ్లు వస్తాయి, వాటిని ముందే క్యాలెండర్లో గుర్తుపెట్టుకోవాలి. మొదటిది లెంటు (ఈస్టరుకు ముందు శ్రమల కాలం) 40 రోజులు, శుభ శుక్రవారం మూడు గంటలు సిలువ మీది ఏడు మాటలు, ఈస్టరు తెల్లవారుజాము ఆరాధన. వెంటనే వేసవి సెలవుల వీబీఎస్ (పిల్లల బైబిలు బడి). రెండోది సెమీ క్రిస్మస్‌లు, రాత్రుళ్లు క్యారల్స్, క్రిస్మస్, డిసెంబరు 31 రాత్రి ఆరాధన, వాగ్దాన కార్డులు, మర్నాడు పొద్దున మళ్లీ ఆరాధన. ఇంత ఊపు తర్వాత శరీరం ఒక్కసారిగా చతికిలబడుతుంది, దానితోపాటు మనసూ. జనవరి మొదటి వారంలో "దేవుడు నన్ను విడిచిపెట్టాడా" అనిపిస్తే అది ఎక్కువగా డిసెంబరు తీసుకున్న నిద్ర బాకీ. నవంబరులోనే జనవరి మొదటి పదిహేను రోజుల్లో మూడు రోజులు కొట్టేసి పెట్టుకోండి. క్యారల్స్‌కి అన్ని రాత్రులూ మీరు వెళ్లక్కర్లేదు, రెండు రాత్రులు వెళ్తే చాలు.

ఉపవాసం గురించి కొంచెం సూటిగా చెప్పాలి. శుక్రవారం ఉపవాసం, ఆదివారం పొద్దున టిఫిన్ మానడం, మధ్యలో ఇళ్లకు వెళ్లినప్పుడల్లా కాదనలేక తాగే ఏడెనిమిది టీలు: ఇవి కలిస్తే కడుపులో మంట, చేతుల వణుకు, రాత్రి నిద్ర పట్టకపోవడం తప్పవు. ఆదివారం మధ్యాహ్నం పిల్లల మీద అరుపులకు సగం కారణం ఇక్కడుందని నా అనుమానం. ఆదివారం పొద్దున రెండు ఇడ్లీలైనా తిని వెళ్లండి. ఆరాధన అయ్యాక ప్రార్థన కోసం నిలబడేవాళ్ల వరస మొదలయ్యేముందు పది నిమిషాలు కూర్చుని మజ్జిగో, అరటిపండో తీసుకోండి. ఇంటికి వెళ్లాక అరగంట పడుకున్న తర్వాతే పిల్లల చదువుల లెక్క అడగండి. ఉపవాసం రోజు పంచాయితీలు పెట్టుకోవద్దు, ఖాళీ కడుపుతో తీర్పు చెప్పినవాళ్లు తర్వాత విచారిస్తారు. షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా ఉపవాసం ఉండకూడదు. రాత్రంతా ప్రార్థన నెలకు ఒక్కసారి, మర్నాడు పొద్దున బండి నడపకుండా, ఏ కార్యక్రమం లేకుండా.

డబ్బు గురించి మీరు రాయలేదు, కానీ సేవకుడి దిగులులో అది దాగి ఉండని సందర్భం తక్కువ. పల్లె సంఘంలో కానుకలు పంటతో పెరుగుతాయి, పంటతో తగ్గుతాయి. కోతల తర్వాత బాగుంటాయి, పెట్టుబడుల కాలంలో ఎండిపోతాయి. గత 12 నెలల లెక్క తీసి, బాగా తక్కువ వచ్చిన మూడు నెలల సగటునే ఇంటి ఖర్చుకు ప్రమాణంగా పెట్టుకోండి. మిగతా నెలల్లో ఎక్కువ వచ్చింది పోస్టాఫీసు పొదుపు ఖాతాలో వేస్తూ, మూడు నెలల ఖర్చు చేతిలో ఉండేలా చూసుకోండి. సంఘస్థుల దగ్గర చేబదులు తీసుకోకండి; తీసుకున్న మనిషిని రేపు గద్దించలేరు, అది మీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. వాళ్ల ఫైనాన్సు అప్పులకు హామీ సంతకాలు పెట్టకండి. మందిరం శ్లాబు కోసం మీ పేరు మీద వడ్డీకి తెచ్చి ఉంటే, రాత్రి మూడింటికి మెలకువ వస్తుంటే దానికి అదే కారణం కావచ్చు. ఆ అప్పును ఎంత, ఎవరి దగ్గర, ఎంత వడ్డీ అని కాగితం మీద రాసి పెద్దల ముందు పెట్టి సంఘం అప్పుగా మార్చమని అడగండి. సిగ్గుపడొద్దు, అది మీ ఇల్లు కాదు. ఆదివారం కానుకలు ఇద్దరు మనుషులు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, సంతకాలు చేసి, సంఘం ఖాతాలో వెయ్యాలి. మీ చెయ్యి డబ్బుకు తగలకపోతే అనుమానపు మాటలు మీ దాకా రావు. "అయ్యగారు తినేశారు" అన్న ఒక్క మాట వంద భూస్థాపనల కంటే ఎక్కువ గాయం చేస్తుంది.

ఇక అమ్మగారు. స్త్రీల కూడిక నడిపేది ఆవిడ, వచ్చిన అతిథులకు వండేది ఆవిడ, ఊళ్లో ఆడవాళ్ల బాధలన్నీ పెరటి గుమ్మం దగ్గర వినేది ఆవిడ. జీతం లేదు, సెలవు లేదు, బాధ చెప్పుకుంటే "పాస్టరమ్మ అయ్యుండి" అంటారు. ఆవిడ మీ అరుపుల గురించి చెప్పగలిగారంటే మీ ఇంట్లో ఇంకా మాట మిగిలి ఉంది, దాన్ని మంచి గుర్తుగానే తీసుకోండి. నెలలో ఒక మంగళవారం కూడిక వేరే సహోదరికి అప్పగించనివ్వండి. సంఘం బయట ఆవిడకు ఒక స్నేహితురాలు ఉండాలి, ఆ ఫోన్ మీరు వినకూడదు. మీ బరువు ఆవిడకు చెప్పొచ్చు, సంఘస్థుల రహస్యాలు చెప్పకూడదు. "ఈరోజు ఒక ఇంటి సంగతి చాలా బాధపెట్టింది, కాసేపు నాతో కూర్చో" అంటే సరిపోతుంది. పిల్లల పేర్లు, వాళ్ల తప్పులు, వాళ్ల మార్కులు ప్రసంగంలో ఉదాహరణగా వాడొద్దు, వాళ్లు ఒప్పుకుంటే తప్ప. "పాస్టరుగారి పిల్లలు" అన్న మాట బడిలోనూ వీధిలోనూ వాళ్లు చాలానే మోస్తున్నారు.

మీకు చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి మీ సంఘస్థుడు కాకూడదు, మీకు కానుక ఇచ్చేవాడు కాకూడదు, మీ ఊళ్లోనే ఇంకో సంఘం నడిపేవాడు కాకూడదు. పాస్టర్ల ఫెలోషిప్ మీటింగులు దీనికి పనికిరావని నేను అనుకుంటాను, అక్కడ టీ తాగుతూ మొదట అడిగేదే "మీ సంఘం ఎంతమంది బ్రదర్?" అని. బైబిలు కాలేజీలో మీతో చదివిన ఒకరు, లేదా మీకంటే పదేళ్లు పెద్దవారు, పక్క జిల్లాలో ఉన్నా సరే. నెలకోసారి రెండు గంటలు, కుదరకపోతే వారానికి అరగంట ఫోన్. ముందే ఒప్పందం చేసుకోండి: విన్నది బయటికి పోదు, మధ్యలో వాక్యం చెప్పి ముగించడం ఉండదు. అడగాల్సినవి ఇవి: నిద్ర ఎలా ఉంది? ఇంట్లో ఎలా ఉంది? ఎవరికీ చెప్పనిది ఏదైనా ఉందా? ఆ చివరి ప్రశ్న అడిగి ఊరుకోవడం వచ్చిన మనిషి దొరికితే వదులుకోకండి. మాసిదోనియలో బయట పోరాటాలు, లోపల భయాలు ఉన్నాయని రాసిన పౌలుకు కూడా ఆదరణ తీతు అనే మనిషి రాకవల్లే వచ్చింది.

బైబిలు ప్రసంగ ముడిసరుకుగా మారిపోవడం గురించి: ప్రసంగానికి వాడే బైబిలు, మీ సొంత ధ్యానానికి వాడే బైబిలు వేరు చెయ్యండి. రెండోదాంట్లో గీతలు, పాయింట్లు వద్దు. ఈ మూడు నెలల్లో ప్రసంగించబోని పుస్తకం ఒకటి తీసుకుని రోజుకు ఒక్క అధ్యాయం, పైకి, నెమ్మదిగా చదవండి. 20 నిమిషాలు చాలు. ఏమీ అనిపించకపోతే అనిపించలేదని దేవునితోనే చెప్పి లేవండి. బలవంతంగా కన్నీళ్లు తెచ్చుకోవాలని చూస్తే ఇంకా ఎండిపోతుంది. ఇంకొకటి, రాత్రి పడుకునేముందు పెద్ద సంఘాల లైవ్‌లు చూడటం మానండి. వేలమంది ఉన్న హాలు, నలుగురు పాటగాళ్లు, లైట్లు చూసి మర్నాడు మీ 60 కుటుంబాల ముందు నిలబడితే వాళ్లు మీకు తక్కువగా కనిపిస్తారు.

విమర్శ వచ్చినప్పుడు 48 గంటలు జవాబివ్వకండి. ముఖ్యంగా పుల్పిట్ మీద నుంచి ఇవ్వకండి. అక్కడి నుంచి ఒకరిని ఉద్దేశించి మాట విసిరితే మిగతా 59 కుటుంబాలూ అది ఎవరి గురించో వెతుక్కుంటూ కూర్చుంటాయి, వాక్యం ఎవరికీ అందదు. వేరే సంఘానికి వెళ్లిపోయినవాళ్ల ఇంటికి ఒక్కసారి వెళ్లి, తప్పుంటే క్షమాపణ అడిగి, దీవించి రండి. మళ్లీ మళ్లీ వెళ్లకండి.

మందుల గురించి. డిప్రెషన్ అని డాక్టరు చెప్తే, దాన్ని దురాత్మ అనేవాళ్లు మీ చుట్టూనే ఉంటారు. పౌలు తిమోతి కడుపు జబ్బుకు, తరచూ వచ్చే బలహీనతకు ప్రార్థన ఒక్కటే సరిపోతుందనలేదు, పుచ్చుకోవాల్సింది చెప్పాడు. డిప్రెషన్ మాత్రలు మొదలుపెట్టాక మొదటి వారం వికారమో, కంగారో ఉండొచ్చు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, బాగా తెలియడానికి ఆరు వారాలు పట్టొచ్చు. గుణానికంటే ఇబ్బంది ముందు వస్తుంది కాబట్టి చాలామంది పదో రోజున ఆపేసి "పని చెయ్యలేదు" అంటారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరే తగ్గించాలి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు, కొన్నిటికి అలవాటు పడిపోతారు. ఊరివాళ్లు చూస్తారని భయమైతే జిల్లా కేంద్రంలో ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగానికి వెళ్లండి. ముందు ఫోన్లో మాట్లాడాలంటే 14416, టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

చావాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే అమ్మగారికి చెప్పండి, 14416కి చెయ్యండి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే వేరే ఇంటికి పంపించెయ్యండి. ఆ తలపు సాధారణంగా వచ్చి పోయేదే, అది వచ్చిన గంటలో చేతికి ఏమీ అందకుండా ఉండటం ప్రాణాన్ని కాపాడుతుంది. పోలీసు కేసు అవుతుందని దాచుకునేవాళ్లు ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం అలాంటి ప్రయత్నం చేసినవాళ్లను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడమంటుంది. సంఘానికి చెప్పాలా అంటే, ఇద్దరు నమ్మకమైన పెద్దలకు "ఆరోగ్యం బాగాలేదు, డాక్టరు విశ్రాంతి చెప్పారు" అంటే చాలు.

ఇన్నీ ఒకేసారి మొదలుపెడితే అదే ఇంకో బరువవుతుంది. ఈ వారం రక్తపరీక్ష, ఆదివారం టిఫిన్, రెండు వారాల పట్టీ. వచ్చే వారం ఆ ఒక్క మనిషికి ఫోన్. పెద్దల కూటమి ఈ నెలాఖరున పెట్టి రాత్రి ఫోన్ల సంగతి ఒక్కటే మాట్లాడండి, మిగతావి తర్వాత. సోమవారం బస్సు మాత్రం ఈ సోమవారమే ఎక్కండి, అమ్మగారినీ తీసుకెళ్లండి. రిపోర్టు వచ్చాక, రాత్రుళ్లు ఎన్నింటికి మెలకువ వస్తోందో కూడా రాయండి, అప్పుడు డిప్రెషన్ సంగతి మాట్లాడదాం.